కర్మణి ప్రయోగము – ఆంగ్ల వ్యాకరణము, తెలుగు నుడికారము

1

మన పాఠశాలలలో ఆంగ్ల వ్యాకరణము నేర్పు వేళ ‘వాయిస్’ అను ప్రకరణమునకు పెద్దపీట వేయుదురు. కర్తరి వాక్యము నొకదానిని ఇచ్చి కర్మణిలోనికి మార్చుమనుట, కర్మణి వాక్యము నిచ్చి కర్తరిలోనికి మార్చుమనుట పరీక్షాపత్రములలో తప్పనిసరియైన ప్రశ్నలు. బాలుడు కర్తను తీసికొనిపోయి వాక్యము చివర నిలుపును, దాని ముందొక ‘బై’ చేర్చును, క్రియకు సహాయక క్రియ నొకదానిని తగిలించును, మార్కులు వచ్చును. ఇంతవరకు ఎవరికిని నష్టము లేదు. కాని ఆ బాలుడే మరునాడు తెలుగు తరగతిలో ‘మామిడిపండు రామునిచేత తినబడెను’ అని వ్రాసి, ఇదియే ప్రౌఢమైన తెలుగనుకొనుట మొదలుపెట్టినపుడు విచారింపవలసిన అవసరము కలుగుచున్నది. వాడు పెరిగి గుమాస్తా యగును, పాఠ్యపుస్తక రచయిత యగును, పత్రికా విలేఖకుడగును. ఆ వాక్యము వానితోపాటు కచేరిలోనికి, పుస్తకములోనికి, పత్రికలోనికి నడచివచ్చును. ఆంగ్ల కర్మణి ప్రయోగము చేయు పని యేది, ఆ పనిని తెలుగు ఏయే విధముల నెరవేర్చును, ‘బడు’ చేర్చిన వాక్యము ఎచట తగును, ఎచట తగదు అను విషయములను పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

యానాము వంటి ఊరిలో తెలుగు బోధించువానికి ఈ విచారము తప్పదు. చుట్టును గోదావరి మండలము, నడుమ ముప్పది చదరపు కిలోమీటరుల ఈ ప్రాంతము. ఇచట 1954 వరకు పరిపాలన ఫ్రెంచిలో సాగినది. ఏటి కావలి ఊళ్లలో అదే కాలమున ఆంగ్లము సాగినది. 1956 మే 28న కుదిరిన సంధిలో, ప్రజాప్రతినిధులు వేరొక నిర్ణయము చేయువరకు ఫ్రెంచియే అధికారభాషగా ఉండవలెనను నియమము కలదు. 1965లో వచ్చిన అధికారభాషా చట్టమున తమిళమునకు ప్రధానస్థానము, మాహేలో మలయాళమునకును యానాములో తెలుగునకును చోటు దొరికినవి, ఆంగ్లము కొనసాగినది. అనగా మన ఊరివారికి తెలుగు ఇంటిభాషయైనను, పాలనా ప్రాంతము మొత్తము మీద అది అల్పసంఖ్యాకుల భాష. ఇట్టి భాషకు పుస్తకములు గాని, ప్రకటనలు గాని నేరుగా పుట్టుట అరుదు. అనువాదము గుండ వచ్చుటయే ఎక్కువ. అనువాదము గుండ వచ్చునపుడు పరభాషా వ్యాకరణము గుమ్మము దాటి లోనికి వచ్చుచుండును.

2

ఆంగ్లమునకు కర్మణి ప్రయోగ మేల కావలసెను? ఆంగ్లమున నామములకు విభక్తి ప్రత్యయములు దాదాపు లోపించినవి. ‘రామ కిల్డ్ రావణ’ అన్నపుడు చంపినవాడెవరో, చచ్చినవాడెవరో తెలుపునది పదముల వరుస మాత్రమే. వరుస తారుమారైనచో రావణుడే రాముని చంపినవాడగును. కావున రావణుని గూర్చి ప్రసంగించుచు, అతని పేరును వాక్యము మొదట నిలుపదలచిన ఆంగ్లేయుడు క్రియ రూపమునే మార్చవలసివచ్చును. ఇది మొదటి ప్రయోజనము. కర్త ఎవరో తెలియనపుడు గాని, తెలిసియు చెప్పనక్కర లేనపుడు గాని, చెప్పుట ఇష్టము లేనపుడు గాని వాక్యమునుండి కర్తను తొలగించుటకు ఉపకరించుట రెండవ ప్రయోజనము. ఆంగ్ల వాక్యమున కర్తృస్థానము ఖాళీగా ఉండరాదు. అందుచేత కర్తను తొలగించినవారు కర్మను తెచ్చి ఆ పీటమీద కూర్చుండబెట్టుదురు.

ఈ రెండింటిలో రెండవదే అధికమని ఆంగ్ల సాహిత్యమును లెక్కించిన పండితులు చెప్పిరి. డెన్మార్కు దేశీయుడైన ఓట్టో యెస్పెర్సన్ 1924లో ప్రకటించిన గ్రంథమున, తన శిష్యులు చేసిన గణనలనుబట్టి ఆంగ్ల కర్మణి వాక్యములలో నూటికి 70 మొదలు 94 వరకు కర్త ప్రసక్తియే లేనివని తెలిపెను. దీనినిబట్టి మన పరీక్షాపత్రములలోని ‘బై’తో కూడిన వాక్యములు ఆంగ్లమునందే అల్పసంఖ్యాకములని తేలుచున్నది. ‘మామిడిపండు రామునిచేత తినబడెను’ అను అర్థము గల వాక్యమును లండను నగరమున గూడ ఎవరును సాధారణముగా పలుకరు. బాలురు అభ్యసించుచున్నది పరీక్షకొరకు పుట్టిన ఆంగ్లము. దానికి మక్కికి మక్కిగా చేసినది పరీక్షకొరకు పుట్టిన తెలుగు.

ఆంగ్లేయులలోను దీనిపై వాదము కలదు. అమెరికా దేశమున విలియం స్ట్రంక్ 1918లో వెలువరించిన రచనా నియమముల పుస్తకమున కర్తరి ప్రయోగమునే వాడుడని ఉపదేశించెను. మన దేశమునందే మోతీహారిలో పుట్టిన జార్జి ఆర్వెల్, 1946 నాటి ప్రసిద్ధ వ్యాసమున, కర్తరి సాధ్యమైన చోట కర్మణిని వాడనే వలదనెను. రాజకీయ భాష నిజమును కప్పిపుచ్చుటకు ఇట్టి వాక్యములు సాధనము లగుచున్నవని ఆయన ఆవేదన. అయితే ఆ వ్యాసమునందే ఆయన కర్మణి వాక్యములు విరివిగా వ్రాసెనని తరువాతి భాషావేత్తలు చూపిరి. ఇందుకు ఆయనను ఎగతాళి చేయనక్కరలేదు. ఆంగ్లమున కర్మణి ప్రయోగము శరీరములోని అవయవము వంటిది, కోసివేయుటకు వీలులేదు. మన ప్రశ్న వేరు. మనకు ఆ అవయవమున్నదా, ఉన్నచో ఎచట ఉన్నది?

3

సంస్కృతమున కర్మణి ప్రయోగము మిక్కిలి సహజము. అచట కర్తకు తృతీయ, కర్మకు ప్రథమ, క్రియకు వేరు రూపము; ఏ సంకోచమును లేక కావ్యములన్నింటను కానవచ్చును. అంతియేకాదు, అకర్మక ధాతువులకు గూడ భావే ప్రయోగము కలదు. ‘అతడు నిద్రించుచున్నాడు’ అనుటకు ‘అతనిచేత నిద్ర చేయుట జరుగుచున్నది’ అను పోకడగల వాక్యము సంస్కృతమున దోషము కాదు. ఆంగ్లము ఈ హద్దు దాటలేదు. అకర్మకమునకు ఆ భాషలో కర్మణి లేదు.

మన పండితులు సంస్కృత కావ్యములకు తెలుగున ప్రతిపదార్థము చెప్పునపుడు మూలములోని విభక్తులను విద్యార్థికి చూపగోరి, ‘రామునిచేత చంపబడినవాడై’ అను రీతిని అర్థము చెప్పుచు వచ్చిరి. ఆ తెలుగు పాఠము చెప్పుటకు వేసిన నిచ్చెన; శ్లోకమునకు ఎక్కిన తరువాత నిచ్చెనతో పనిలేదు. కావున ‘బడు’ వాక్యముల వ్యాప్తికి ఆంగ్లము నొక్కదానినే దూషించుట న్యాయము కాదు. సంస్కృత టీకల పోకడ మన చెవులను ముందే అలవాటుపరచినది. ఆంగ్ల పాలన ఆ అలవాటును కచేరి భాషగా స్థిరపరచినది.

మన ఊరికి పరిచితమైన ఫ్రెంచిని చూచినచో మరియొక మార్గము తెలియును. ఫ్రెంచిలో కర్మణి రూపము కలదు గాని, నిత్యవ్యవహారమున వారు దానిని తప్పించుకొనుటయే ఎక్కువ. వారికి ‘ఓఁ’ అను ఒక సర్వనామము కలదు. ‘ఎవరో’, ‘జనులు’, ‘మనము’ అను అర్థములన్నియు దానిలో ఇమిడియుండును. ‘ఇట్లు చెప్పబడుచున్నది’ అని ఆంగ్లేయుడు చెప్పునపుడు ఫ్రెంచివాడు ‘ఓఁ ది’ అనును. మనము ‘అందురు’ అందుము. సముద్రములు దాటివచ్చిన ఆ భాష ఈ ఒక్క విషయమున ఆంగ్లముకంటె తెలుగునకు దగ్గరగా నిలుచుట గమనింపదగినది. ఫ్రెంచివాడు కర్తకు బదులొక సర్వనామమును నిలుపును. మనకు ఆ సర్వనామము గూడ అక్కరలేదు, క్రియాంతమే చాలును.

4

తెలుగున కర్మార్థమున వచ్చునది ‘పడు’ ధాతువు. ‘చేయన్’ వంటి రూపముమీద అది చేరినపుడు ద్రుతమునకు పరమైన పరుషము సరళమై ‘బడు’ అగును. పూర్వులు అర్ధానుస్వారముతో వ్రాయుట ఇందువలననే. కవిత్రయమువారి కాలమునుండియు ఈ రూపములు లేకపోలేదు. కాని 1858లో బాలవ్యాకరణమును ప్రకటించిన చిన్నయసూరి, ఈ భాషయందు కర్మంబునందు క్రియలు తరచుగా కానరావని స్పష్టముగా సూత్రించెను. సంస్కృత వ్యాకరణ మర్యాదను అడుగడుగున పాటించిన ఆ మహాపండితుడే, ఈ ఒక్కచోట తెలుగు దారి వేరని అంగీకరించుట మనకు గొప్ప సాక్ష్యము.

సూరికి రెండేండ్లు ముందు, 1856లో, కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును వెలువరించెను. ఈ భాషలకు మూలమున అసలైన కర్మణి రూపము లేదనియు, ‘పడు’ అనునది ‘అనుభవించు’, ‘పాలగు’ అను అర్థముగల స్వతంత్ర ధాతువనియు ఆయన నిర్ణయము. తమిళమున ‘పడు’, మలయాళమున ‘పెడు’, తెలుగున ‘పడు’ – మన పాలనా ప్రాంతమున పలుకు మూడు ద్రావిడ భాషలకును ఇది ఉమ్మడి సొత్తు. అనువాదపు జబ్బు గూడ మూటికిని ఉమ్మడియే.

‘పడు’ ధాతువునకు ఈ అనుభవార్థము నేటికిని చావలేదు. కష్టపడు, భయపడు, సిగ్గుపడు, బాధపడు అనువానిలో ఎవరో చేయుట లేదు. మనిషి అనుభవించుట కలదు. కనబడు, వినబడు, నిలబడు అనునవి అకర్మక క్రియలుగా స్థిరపడినవి. ఈ ‘బడు’లను కర్మణితో కలగాపులగము చేయరాదు. ఆంగ్లమున ‘నేను పుట్టితిని’ అనుటకు వాడు మాట నిజమునకు కర్మణి రూపము. తల్లి కన్నది గనుక బిడ్డ కర్మ. దానిని అక్షరాల తెలుగు చేయబూనినవాడు ‘కను’ ధాతువునకు ‘బడు’ చేర్చి ‘నేను కనబడితిని’ అనవలసివచ్చును. వినువాడు, ‘ఎచట కనబడితివి?’ అని అడుగును. ధాతువు ధాతువునకు ముడివేసి అనువదించుట ఎంత ప్రమాదకరమో దీనికంటె సులభమైన నిదర్శనము లేదు.

5

‘బడు’ లేకున్నచో కర్మణి చేయు పనులను తెలుగు ఎట్లు నెరవేర్చును? దానికి దారులు అనేకము కలవు.

మొదటిది పదక్రమము. మనకు విభక్తులున్నవి గనుక ‘రావణుని రాముడు చంపెను’ అన్నచో చాలును. రావణుడు వాక్యము మొదటికి వచ్చెను, క్రియ చెక్కుచెదరలేదు. కర్తను నొక్కి చెప్పవలసినచో ‘రావణుని చంపినది రాముడు’ అందుము.

రెండవది కర్తను చెప్పక, క్రియను బహువచనమున నిలుపుట. ‘తలుపు వేసిరి’, ‘బడికి సెలవిచ్చిరి’, ‘వానిని పట్టుకొనిరి’. ఎవరన్నది చెప్పలేదు, కాని ఎవరో మనుష్యులున్నారని క్రియాంతమే చెప్పుచున్నది. విన్నమాటయైనచో ‘అట’ చేర్చుదుము: ‘తలుపు వేసిరట’. ఒక్క అక్షరముతో వార్తకు బాధ్యత మనది కాదని తెలుపు ఈ సౌకర్యము ఆంగ్లమునకు లేదు.

మూడవది జంట ధాతువులు. విరుగు–విరుచు, కాలు–కాల్చు, మునుగు–ముంచు, తెగు–తెంచు, ఆరు–ఆర్పు, కూలు–కూల్చు, మారు–మార్చు, నిండు–నింపు, జరుగు–జరుపు. కర్త ఉన్నచో ఒక రూపము, కర్త ప్రసక్తి లేనిచో మరియొక రూపము. ఆంగ్లమున ఇట్టి జంటలలో పెక్కింటికి ఒకే మాట సరిపుచ్చుకొందురు.

నాలుగవది స్థితిని తెలుపు రూపము. ‘గోడమీద వ్రాసియున్నది’, ‘తలుపు తాళము వేసియున్నది’, ‘బియ్యము కడిగియున్నవి’. పని ముగిసి, దాని ఫలము మిగిలియున్నదని అర్థము. ఆంగ్లమున ఈ అర్థమునకు కర్మణి తప్ప వేరు దిక్కు లేదు.

ఐదవది ‘అగు’ ధాతువు. ‘పని అయినది’, ‘వివాహమైనది’, ‘నిర్ణయమైనది’, ‘పుస్తకము అచ్చయినది’, ‘ప్రతినిధిగా ఎన్నికయ్యెను’.

ఆరవది తిను, పోవు, పాలగు మొదలగు మాటలతో వచ్చు నుడికారము. దెబ్బలు తినెను, తిట్లు తినెను, మోసపోయెను, జైలుపాలయ్యెను, మంటలపాలయ్యెను. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరిచెట్లు ‘గాలిచే పడగొట్టబడెను’ అని ఆ ప్రాంతమువా రెవ్వరును చెప్పరు, ‘కూలిపోయినవి’ అందురు. ఇండ్లు ‘నీటిచే కడిగివేయబడెను’ అనరు, ‘కొట్టుకొనిపోయినవి’ అందురు. ‘కొట్టుకొనిపోవు’ అను ఒక్క మాటలో ప్రవాహ వేగము, నిస్సహాయత, నష్టము మూడును కలవు.

ఏడవది ప్రేరణార్థకము. ఇది తెలుగునకు గల పెద్ద సంపద. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. పాఠ్యపుస్తకములలో తరచుగా కనబడు వాక్యము ‘ఆనకట్ట కాటన్ దొరచే నిర్మింపబడెను’ అనునది. తెలుగువాడు సహజముగా చెప్పు వాక్యము ‘ఆనకట్టను కాటన్ దొర కట్టించెను’. ఈ రెండింటికి భేద మెంతయో కలదు. ‘కట్టించెను’ అన్నపుడు పూనుకొన్నవాడు దొర, రాళ్లు మోసి కట్టినవారు వేరొకరు అను సత్యము ఆ ఒక్క ప్రత్యయములో నిలిచియున్నది. ‘నిర్మింపబడెను’ అన్నపుడు వేలాది కూలీల చేతులు వాక్యమునుండి మాయమైనవి. ఆంగ్లమును అనుసరించుటచే మనకు లాభము కలుగకపోవుట అటుంచి, మన భాషలో ముందే ఉన్న అర్థము నష్టమగుచున్నది.

6

ఇక పాఠ్యపుస్తకముల వాక్యములు కొన్ని చూతము. ‘మూడు భుజములు గల ఆకారము త్రిభుజమని పిలువబడును.’ త్రిభుజమును ఎవరు పిలుతురు? పిలిచినచో అది పలుకునా? ‘త్రిభుజమందురు’ అన్నచో ఒక మాటతో పోవును. ‘నీరు వేడి చేయబడినపుడు ఆవిరిగా మార్చబడును.’ వంటింటిలో ప్రతి తల్లియు ఎరిగిన సంగతి ఇది. ‘నీటిని కాచినచో ఆవిరియగును.’ ‘ప్లాసీ యుద్ధము 1757లో జరుపబడెను.’ యుద్ధమును ఉత్సవమువలె ఎవరో జరిపినట్లున్నది, ‘జరిగెను’ అనవలెను. ‘బాలునకు బహుమతి ఇవ్వబడెను’ అనునది ‘బాలునకు బహుమతి ఇచ్చిరి’ అను దానికంటె ఏమి అధికముగా చెప్పుచున్నది?

ఇట్టి వాక్యములు వ్యాకరణ విరుద్ధములని నా వాదము కాదు. సూరి సూత్రములనుబట్టి అవి సాధువులే. అయినను చదువు పిల్లవానికి అవి తాను మాటలాడు భాషకు దూరముగా తోచును. విషయము కఠినమని వాడు భ్రమించును. నిజమునకు కఠినమైనది విషయము కాదు, వాక్యము. అల్పసంఖ్యాక భాషలో చదువుకొను బాలునికి ఈ భ్రమ మరింత హానికరము. ‘తెలుగులో చదివిన అర్థము కాదు, ఆంగ్లములో చదివినచో అర్థమగును’ అను నిర్ణయమునకు వాడును, వాని తల్లిదండ్రులును తొందరగా వత్తురు. తరగతిలో ఒక్కొక్క బాలుడే తగ్గుచు, తుదకు తెలుగు విభాగమున బల్లలు మాత్రమే మిగులును. ఆ దినమున ‘తెలుగు విభాగము మూసివేయబడినది’ అని వ్రాసిన కాగిత మొకటి వచ్చును. ఎవరు మూసిరో దానిలో నుండదు.

7

కచేరి భాషలో ఈ దోషము మరియొక రూపము తాల్చును. అచట అది కేవల శైలీదోషము కాదు. మా విద్యార్థిని తల్లి యొకతె, చేపలమ్మి జీవించునామె, తనకొక కార్యాలయమునుండి వచ్చిన ఉత్తరమును చదివిపెట్టుమని నాయొద్దకు తెచ్చినది. దానిలో రెండే వాక్యములు: ‘మీ దరఖాస్తు పరిశీలింపబడినది. తగిన పత్రములు జతపరచబడనందున తిరస్కరింపబడినది.’ నేను చదివితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, ‘బడింది బడింది అని రాశారు గానండి మాస్టారూ, పడేసిందెవరండీ? నేనెవరి దగ్గరికెళ్లాలి?’ అని అడిగినది.

ఆమె అడిగినది వ్యాకరణ ప్రశ్నయే. వాక్యమున కర్త ఎచట నున్నాడని ఆమె ప్రశ్న. ఆ ఉత్తరమున దానికి జవాబు లేదు. అందులోని రెండవ వాక్యమున మరియొక చిత్రము కలదు. ‘జతపరచబడనందున’ అన్నచో జతపరచవలసినది ఎవరు – ఆమెయా, క్రింది గుమాస్తాయా? ఆమె ఇచ్చిన పత్రము నడుమ ఎచటనో జారిపోయినదా? వాక్యము రెండు అర్థములకును చోటిచ్చుచున్నది. నష్టము మాత్రము ఆమెకే. దానిని ఇట్లు వ్రాయవచ్చును: ‘మీ దరఖాస్తును ఫలానా శాఖాధికారి పరిశీలించెను. మీరు ఆదాయ ధ్రువపత్రమును జతపరుపలేదు గనుక త్రోసివేసెను. ఆ పత్రముతో ఫలానా అధికారికి మరల విన్నవించుకొనవచ్చును.’ మాటలు కొన్ని పెరిగినవి. కాని ప్రతి క్రియకును ఒక మనిషి దొరికెను. ‘త్రోసివేసిరి’ అని కర్తను చెప్పక వ్రాసినను, ఎవరో మనుష్యులు చేసిన పని ఇది, మనుష్యులే సరిదిద్దగలరు అను భావము క్రియాంతమున నిలుచును. ‘తిరస్కరింపబడినది’ అన్నపుడు ఆ గుర్తు గూడ చెరిగిపోయి, వాన కురిసినట్లు, పొద్దు క్రుంకినట్లు, తిరస్కారము తనంత తానే జరిగినట్లు తోచును.

మన రాజ్యాంగ పీఠిక ఈ విషయమున మేలుబంతి. అచట కర్త దాగియుండలేదు. ప్రజలమైన మేము అని ముందుగా చెప్పి, తరువాతనే క్రియ వచ్చును. ఆ రాజ్యాంగము క్రింద నడచు కార్యాలయములు ప్రజలకు వ్రాయు ఉత్తరములలో తాము కర్తలమని చెప్పుకొనుటకు సందేహింప నేల?

8

కర్త ఎవరన్న ప్రశ్న చరిత్రకు గూడ సంబంధించినదే. యానాము చరిత్రలోని ఒక ఘట్టమును మన విద్యార్థులు నాలుగు విధముల వ్రాయగలరు. ‘ఫ్రాన్సు యానామును భారతదేశమునకు అప్పగించెను.’ ‘యానాము భారతదేశమునకు అప్పగింపబడెను.’ ‘యానాము భారతదేశములో కలిసెను.’ ‘యానామును భారతదేశములో కలిపిరి.’ సంఘటన యొకటే. నాలుగు వాక్యములు నాలుగు చరిత్రలు.

మొదటి వాక్యము న్యాయశాస్త్ర దృష్టిచే సత్యము. 1956 నాటి సంధి, 1962 ఆగస్టు 16న అది అమలులోనికి వచ్చుట దానికి ఆధారములు. మూడవ వాక్యమున యానామే కర్త. 1954 జూన్ 13న విలీనవాదులు ఇచటి పాలనను చేజిక్కించుకొనుట, అదే యేడు అక్టోబరు 18న కీళూరులో సమావేశమైన 178 మంది ప్రతినిధులలో 170 మంది విలీనమునకు సమ్మతించుట, నవంబరు 1న పాలన భారత ప్రభుత్వము చేతికి వచ్చుట దానికి ఆధారములు. నాలుగవ వాక్యమున కర్త పేరు లేదు గాని, ‘ఎవరు కలిపిరి?’ అని అడుగుటకు త్రోవ యున్నది. రెండవ వాక్యమునందు ఇచ్చినవాడును లేడు, కోరినవాడును లేడు. యానాము చేతులు మారిన వస్తువు మాత్రమే. శోచనీయమైన విషయ మేమనగా, విద్యార్థులు తరచుగా వ్రాయునది ఈ రెండవ వాక్యమే. అది పుస్తకభాషవలె గంభీరముగా వినబడును గనుక దానినే ఎన్నుకొందురు. తమ తాతల చేతలను తామే తుడిచివేయుచున్నామని వారెరుగరు.

9

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. శాస్త్రమునకు, న్యాయమునకు నిర్వ్యక్తికమైన భాష కావలెననియు, కర్త ఎవరైనను ఫలము ఒకటేయైన చోట ‘బడు’ తప్పదనియు కొందరందురు. ఇందులో కొంత సత్యము కలదు. ‘ఈ చట్టమునందు నిర్దేశింపబడిన గడువు’ అను చోట, నిర్దేశించినది చట్టమే గనుక కర్తను వెదకనక్కరలేదు. దానిని ‘ఈ చట్టము నిర్దేశించిన గడువు’ అని మార్చుట సులభమే యైనను, మూలరూపము వలన ఎవరికిని కీడు లేదు. జంట ధాతువు లేని తత్సమ క్రియలకు కొన్ని చోట్ల ‘బడు’యే శరణ్యము. ‘పడు’ ధాతువులోని అనుభవార్థము కావలసినచోట, అనగా ఒకడు పరుల చేతిలో బాధకు లోనైనట్లు చెప్పవలసినచోట, ‘హింసింపబడెను’, ‘వెలివేయబడెను’ అనుటలో బలము గూడ కలదు. అట్టివానిని నిషేధించుట మూఢత్వము.

అయితే చాలచోట్ల సంస్కృతమునుండి వచ్చిన విశేషణములే ఈ అక్కరను తీర్చును. ‘నిషేధింపబడినది’ అనుటకు ‘నిషిద్ధము’, ‘నిర్ణయింపబడిన’ అనుటకు ‘నిర్ణీత’, ‘వ్రాయబడిన’ అనుటకు ‘లిఖిత’ కలవు. ‘ఎన్నుకోబడిన ప్రతినిధులు’ అనుటకంటె ‘ఎన్నికైన ప్రతినిధులు’ మేలు. ‘ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులు’ అంతకంటె మేలు. మన విశేషణరూపమునకు కర్తరి కర్మణి భేదమే లేదు. ‘రావణుని చంపిన రాముడు’, ‘రాముడు చంపిన రావణుడు’ – రెండింటను ‘చంపిన’ ఒక్కటే. ఇంతటి వెసులుబాటు గల భాషలో ‘చంపబడిన’ అను దానికి పని తక్కువ.

10

కావున ఆంగ్ల కర్మణిని తెలుగు పిల్లలకు నేర్పు వేళ కొన్ని మార్పులు చేయుట మంచిది. విడివాక్యముల నిచ్చి త్రిప్పుమనుటకు బదులు నాలుగైదు వాక్యముల సందర్భము నిచ్చి, ఇచట ప్రసంగము ఎవరిని గూర్చి, కర్త తెలిసినవాడా తెలియనివాడా, ఆంగ్లేయుడు ఇచట కర్మణి నేల వాడెను అని అడుగవలెను. ‘బై’ లేని వాక్యములను ఎక్కువగా చూపవలెను. తరువాత ఆ వాక్యమునే తెలుగున చెప్పుమని, పైన చెప్పిన ఏడు దారులలో ఏది ఒప్పునో పిల్లలచేతనే ఎన్నిక చేయింపవలెను. ‘నా సంచి దొంగిలింపబడినది’ అని వ్రాసినవానిని, ‘ఇంటికి పోయి మీ అమ్మతో ఏమందువు?’ అని అడిగినచో, ‘నా సంచి పోయింది’ అని గాని, ‘నా సంచి ఎవరో ఎత్తుకుపోయారు’ అని గాని వెంటనే అనును. ఆ రెండింటికిని భేదమున్నదని వానికి తోచిన క్షణమున ఆంగ్ల వ్యాకరణమును, తెలుగు వ్యాకరణమును ఒక్కమారే అర్థమగును. ఒక భాష మరియొక భాషకు శత్రువు కాదని గూడ తెలియును.

అనువాదకులకును, పాఠ్యపుస్తక రచయితలకును, కార్యాలయములందు తెలుగు వ్రాయు ఉద్యోగులకును మనవి యొకటే. ‘బడు’ కలము చివరకు వచ్చినపుడు ఒక్క నిమిషమాగి, ఈ పని చేసినవా రెవరని ప్రశ్నించుకొనుడు. తెలిసినచో వ్రాయుడు. తెలియనిచో క్రియను బహువచనమున నిలుపుడు. కర్త లేని పనియైనచో అకర్మక ధాతువును వెదకుడు. ఈ మూడును కుదరని చోట ‘బడు’ను నిస్సంకోచముగా వాడుడు. తెలుగు సంఘములు తమ ప్రాంతములలోని ప్రభుత్వ ప్రకటనల నమూనాలను సేకరించి, వానికి సరియైన తెలుగు రూపములను కూర్చి అధికారులకు అందించినచో, ఉత్తరము చేతబట్టుకొని ఎవరియొద్దకు పోవలెనో తెలియక నిలుచువారికి గొప్ప ఉపకారమగును. విజ్ఞులు ఈ విషయమును పరిశీలింతురు గాక.